గుండె పంపింగ్ తగ్గిన వాళ్లు ఆయాసాన్ని కొలుచుకుంటూ నడవడం ఎలా

గుండెకి చేసే స్కాన్, అంటే ఎకో రిపోర్టులో పంపింగ్ (గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతోందో చెప్పే అంకె) 30 అనో 35 అనో చూసుకుని వచ్చినవాళ్లు ఫిజియోథెరపీ గదిలో కూర్చోగానే మొదట అడిగేది ఒకటే: "నేను నడవచ్చా మేడమ్?" పక్కనున్న కొడుకో కోడలో వెంటనే అందుకుంటారు: "మేం అసలు కదలనివ్వట్లేదు మేడమ్, అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం." ప్రేమతోనే అలా చేస్తారు. కానీ మందులతో కుదుటపడిన మనిషిని నెలల తరబడి మంచానికే పరిమితం చేస్తే ఆయాసం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో అర్థమైతే ఎలా నడవాలో సగం తెలిసిపోయినట్టే. కాబట్టి ముందు ఆ సంగతి కాస్త ఓపికగా చదవండి.

ఆయాసం ఎక్కడ పుడుతుంది

పది మెట్లు ఎక్కగానే రొప్పు వస్తే ఊపిరితిత్తులు పాడయ్యాయేమో అనుకుంటాం. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వెతికి వేలికి పెడితే 97 చూపిస్తుంది. "ఆక్సిజన్ బాగానే ఉంది కదా, నీదంతా టెన్షన్" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. దయచేసి ఆ మాట అనకండి. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె ఒంటికి చాలినంత రక్తం పంపలేని జబ్బు ఉన్న చాలామందికి నడిచేటప్పుడు కూడా ఆ అంకె మామూలుగానే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఉంది, ఆ రక్తమే కండరాలకి చాలినంత చేరడం లేదు.

నడక మొదలవగానే తొడలకి, పిక్కలకి రక్తం ఎక్కువ కావాలి. గుండె అంత పంపలేకపోతే ఆ కండరాల్లో లాక్టిక్ ఆమ్లం త్వరగా పేరుకుంటుంది. దాన్ని సర్దుకునే క్రమంలో శరీరంలో కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది, దాన్ని బయటికి పంపడానికి మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. అదే సమయంలో గుండె ఎడమవైపు ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లో రక్తం నిలుస్తుంది. అవి బిరుసెక్కుతాయి. లోతుగా పీల్చడం కష్టమై, మనిషి చిన్నచిన్న ఊపిర్లు గబగబా తీస్తాడు.

నష్టమంతా ఆ చిన్న ఊపిర్లలోనే ఉంది. లెక్క వేసి చూడండి. ఒక్కసారి పీల్చే గాలి 500 మిల్లీలీటర్లు అనుకుందాం. అందులో దాదాపు 150 గొంతులో, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, రక్తం దాకా చేరదు. నిమిషానికి 12 సార్లు పీలిస్తే మొత్తం 6 లీటర్లు, పనికొచ్చేది 4.2 లీటర్లు. అదే 300 మిల్లీలీటర్ల చొప్పున 20 సార్లు పీలిస్తే మొత్తం మళ్లీ 6 లీటర్లే, కానీ పనికొచ్చేది 3 లీటర్లు. దీనికి తోడు ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలకి గాలి వెళ్తుంది గానీ రక్తం సరిగా రాదు, అక్కడికి పోయిన గాలి కూడా వృథాయే. పాతబడిన బండికి మైలేజీ పడిపోయినట్టు, అదే దూరానికి ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది.

దీన్ని కొలిచే పరీక్ష ఉంది. ముక్కు, నోరు కప్పేలా మాస్కు పెట్టి సైకిల్ తొక్కిస్తారు, లేదా ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. కార్డియోపల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒక లీటరు కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపడానికి సుమారు 25 నుంచి 30 లీటర్ల గాలి వాడతారు. హార్ట్ ఫెయిల్యూర్‌లో అది 35 దాటిందంటే డాక్టర్లు ఆ మనిషి విషయంలో ఇంకా జాగ్రత్తపడతారు. ఇది అన్నిచోట్లా చేసే పరీక్ష కాదు, అందరికీ అవసరమూ కాదు. మీకు చేసి ఉంటే మాత్రం ఆ రిపోర్టు పారేయకండి.

పంపింగ్ శాతం ఒక్కటే చూసి కుంగిపోకండి. పంపింగ్ 30 ఉండి రోజూ అరగంట నడిచేవాళ్లు ఉన్నారు. 55 ఉండి కూడా గుండె గోడలు బిరుసెక్కడం వల్ల వంటింటి నుంచి వాకిటికి వచ్చేలోపు ఆగిపోయేవాళ్లు ఉన్నారు. ఎంత దూరం నడవగలరన్నది గుండెతో పాటు కాళ్ల కండరం మీద, ఊపిరి తీసే కండరాల మీద, రక్తంలో ఐరన్ మీద కూడా ఆధారపడుతుంది. మంచం పట్టినకొద్దీ ఆ కండరాలు సన్నబడతాయి. సన్నబడిన కండరం చిన్న పనికే అలిసిపోయి, ఊపిరి పెంచమని మెదడుకి కబురు పంపుతుంది. మందులు గుండెకి, ఒంట్లో చేరే నీటికి పనిచేస్తాయి. పోయిన తొడ కండరం తిరిగి రావాలంటే మాత్రం నడవాల్సిందే.

నడవడానికి ముందు

మీ కార్డియాలజిస్టుని సూటిగా అడగండి: "నేను నడక మొదలుపెట్టొచ్చా? ఏం చేయకూడదు?" ఇక్కడ తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో చూపించుకున్నా, రుయాలో చూపించుకున్నా, చిత్తూరు నుంచి వేలూరు వెళ్లి చూపించుకున్నా ఇది మీరే అడగాలి. ఓపీలో రద్దీ ఎంతుంటుందో మీకు తెలుసు, డాక్టరు తనంతట తాను చెప్పేదాకా ఆగితే ఆ రోజు గడిచిపోతుంది. వాల్వు బాగా బిగుసుకుపోయినా, గుండె లయ తప్పుతున్నా, ఛాతీలో షాక్ ఇచ్చే పరికరం పెట్టి ఉన్నా మీకు నియమాలు వేరుగా ఉంటాయి. అలాంటివాళ్లు ఆసుపత్రిలో, మనుషుల కళ్ల ముందు మొదలుపెట్టాలి.

ఆ తర్వాత రోజూ ఒక పని. పొద్దున లేచి ఒంటేలుకి వెళ్లొచ్చాక, టిఫినుకి ముందు, ఒకేలాంటి బట్టలతో బరువు చూసుకుని ఒక నోటుపుస్తకంలో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజు నడక వద్దు, డాక్టరుకి ఫోన్ చేయండి. రాత్రి ఊపిరాడక లేచి కూర్చున్నా, రెండు దిండ్లు చాలే మనిషికి మూడో దిండు కావాల్సి వచ్చినా, పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉన్నా, జ్వరం ఉన్నా నడక వద్దు.

ఇంకో గుర్తు చాలామంది పట్టించుకోరు. తిరుచానూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కుర్చీలో ముందుకి వంగుతుంది. పట్టీ రంధ్రంలోకి వెళ్లేలోపే మొహం ఉబ్బి, నోరు తెరిచి, చేయి గోడకి ఆనించి పైకి లేస్తుంది. "వయసైపోయింది లేమ్మా" అంటుంది. వయసు కాదు. వంగిన అరనిమిషంలోపే ఆయాసం వస్తోందంటే గుండెలో ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉందని అర్థం. మందు మోతాదు సర్దాల్సి ఉండొచ్చు. చెకప్‌కి వెళ్లినప్పుడు ఈ మాట తప్పకుండా చెప్పండి. ఇలాంటి చిన్న గుర్తే ఒక్కోసారి ఆసుపత్రిలో చేరే పని తప్పిస్తుంది.

మీ దూరం మీరు తెలుసుకోండి

ఆసుపత్రుల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తారు. 30 మీటర్ల వరండాలో అటూఇటూ నడిపించి, ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు వెళ్లారో రాస్తారు. 300 మీటర్ల లోపు ఉంటే నడిచే శక్తి బాగా తగ్గినట్టు లెక్క. అడిగి చేయించుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు. ఇంట్లో ఒక్కరే గడియారం పెట్టుకుని పరుగు పందెంలా ఈ పరీక్ష చేయకండి. ఇంట్లో అయితే మామూలు నడకతో, ఆగకుండా, ఇబ్బంది లేకుండా ఎన్ని నిమిషాలు నడవగలుగుతున్నారో చూసుకుంటే చాలు. అదే మీ మొదటి అంకె. రెండు నిమిషాలే అయినా సరే, పుస్తకంలో రాయండి.

నాడి చూసుకుంటూ నడవమని స్నేహితులు సలహా ఇస్తారు. మీరు మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్ర వేసుకుంటూ ఉంటే నాడి ఎలాగూ తగ్గే ఉంటుంది, దాన్ని నమ్మి వేగం నిర్ణయించలేం. మన ఊళ్లో అంతకంటే మంచి కొలత ఉంది. నడుస్తూ "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా" అని పైకే అనండి. ఒక్క గుక్కలో ఇబ్బంది లేకుండా వస్తే మీ వేగం సరిపోయింది. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం తగ్గించండి. మొదటి "ఏడుకొండలవాడా" దగ్గరే తెగిపోతుంటే ఆగి కూర్చోండి. వేరే దేవుణ్ణి కొలిచేవాళ్లు తమకు నోటికొచ్చిన ప్రార్థన వాడుకోవచ్చు, అంత పొడవు వాక్యం ఉంటే చాలు. డాక్టర్లు మాట పరీక్ష అని చెప్పేది ఇదే.

నడక

మొదటి వారం ఐదేసి నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు. అది కూడా కష్టమైతే రెండు నిమిషాలు నడవడం, ఒక నిమిషం కుర్చీలో కూర్చోవడం, మళ్లీ రెండు నిమిషాలు. మధ్యలో కూర్చుంటే ఓడిపోయినట్టు కాదు, పంపింగ్ తగ్గినవాళ్లకి ఇలా విడతలుగా నడవడం చాలా బాగా పనిచేస్తుంది. ముందు కాసేపు నెమ్మదిగా, చివర కాసేపు ఇంకా నెమ్మదిగా. నడిచి నడిచి ఒక్కసారిగా ఆగి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మీరు వేసుకునే మాత్రల్లో చాలావరకు బీపీ తగ్గించేవే అని గుర్తుపెట్టుకోండి.

రెండు మూడు రోజులకి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ముందు నిమిషాలు పెరగాలి, వేగం తర్వాత. మూడు నెలలకి వారంలో ఐదు రోజులు, రోజుకి 20 నుంచి 30 నిమిషాలు నడవగలిగితే మంచి పురోగతి. ఇవాళ నడిచినదానికి రేపు పొద్దున దాకా నీరసం వదలకపోతే ఎక్కువ చేశారని అర్థం, ఒక మెట్టు కిందికి దిగండి. నడిచాక పది నిమిషాల్లో ఊపిరి మామూలు స్థితికి రావాలి.

భయం ఉంటుంది. ఆ భయం డాక్టర్లకీ ఉండేది. ఒకప్పుడు ఈ జబ్బుకి విశ్రాంతే వైద్యం అనుకునేవాళ్లు. పంపింగ్ 35, అంతకంటే తక్కువ ఉన్న 2,331 మంది మీద చేసిన హెచ్ఎఫ్-యాక్షన్ అనే అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ముందు కొన్ని వారాలు ఆసుపత్రిలో, తర్వాత ఇంట్లో వ్యాయామం చేయించారు. వ్యాయామం వల్ల ప్రమాదం పెరగలేదు. నడిచే శక్తి, రోజువారీ జీవితం కొంత మెరుగుపడ్డాయి. అద్భుతం జరుగుతుందని నేను చెప్పను. స్నానం చేసి వచ్చి పది నిమిషాలు మంచం మీద వాలిపోయే మనిషి, స్నానం చేసి నేరుగా దేవుడి గదిలోకి వెళ్లగలగడం చిన్న సంగతి కాదు.

తిరుపతి ఎండ సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో పొద్దున ఆరున్నరకల్లా నడక ముగించేయండి. ప్రకాశం పార్కు, యూనివర్సిటీ లోపలి చెట్ల నీడ రోడ్లు నయం, మధ్యలో కూర్చోడానికి చోటుంటుంది. గాంధీ రోడ్డు లాంటి రద్దీ వీధుల్లో పొగ మధ్య వద్దు. ఎండాకాలంలో చెమట ఎక్కువ పోయి, నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటూ ఉంటే ఒంట్లో నీరు మరీ తగ్గి కళ్లు తిరగొచ్చు. అలాంటప్పుడు సొంతంగా మాత్ర మానేయకుండా డాక్టరుని అడగండి. తిన్న వెంటనే నడవకండి, గంటన్నర ఆగండి. ఒక్కరే వెళ్లకండి, జేబులో ఫోన్, మందుల చీటీ ఉండాలి.

నడుస్తుంటే ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు తిరగడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, చల్లని చెమట వస్తే అక్కడే కూర్చోండి. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చేయించండి. ఆటో ఎక్కి ఇంటికి వెళ్లి పడుకుందాం అనుకోవద్దు.

ఊపిరి తీయడం నేర్చుకోవాలి

కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, ఒక చేయి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో నెమ్మదిగా పీలిస్తే పొట్ట ముందుకు రావాలి, భుజాలు లేవకూడదు. పెదాలు కొద్దిగా ముడిచి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. నిమిషానికి ఆరుసార్లు పీల్చే నెమ్మది శ్వాసని సాధన చేసిన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో ఆక్సిజన్, వ్యాయామ శక్తి మెరుగుపడ్డాయని 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పైన వేసిన లెక్క గుర్తుందిగా, కారణం చాలావరకు అదే: ఊపిరి లోతు పెరిగితే వృథా తగ్గుతుంది. ఒకేసారి ఆరుకి దిగాలని పట్టుపట్టకండి. 18 ఉన్నవాళ్లు 14కి రండి, తర్వాత 10కి. పూటకి ఐదు నిమిషాలు చాలు.

ప్రాణాయామం అలవాటున్నవాళ్లు ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా కొట్టే కపాలభాతి, భస్త్రిక ఆపేయండి. బిందె ఎత్తేటప్పుడు, గ్యాస్ సిలిండరు జరిపేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, అసలు ఆ పనులు ఇంకొకరికి అప్పగించండి. మెట్లెక్కేటప్పుడు కాలు పైకి వేసే క్షణంలో ఊపిరి వదలండి, మెట్టు మీద నిలబడి పీల్చండి.

కాళ్ల బలానికి ఇంట్లోనే ఒక పని: గోడకి ఆనించిన గట్టి కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. ఐదుతో మొదలుపెట్టి, వారంలో రెండు మూడు రోజులు చేస్తూ పదికి చేరండి.

తినేదీ మింగేదీ

ఉప్పు తిన్నరోజు నీరు చేరుతుంది, నీరు చేరినరోజు ఊపిరి చిన్నదవుతుంది. రోజంతటికీ ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు దాటొద్దు, అందులోనే ఊరగాయ, అప్పడం, వడియాలు, ఎండుచేప అన్నీ రావాలి. సంగటి తినండి, దాంట్లోకి ఊరగాయ బదులు ఉప్పు తగ్గించిన పప్పో, ఆకుకూరో. నీళ్లు కొలిచి తాగమని డాక్టరు చెప్పి ఉంటే మజ్జిగ, అంబలి, రసం కూడా ఆ లెక్కలోవే. అంగడిలో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొనేముందు అడగండి. దాంట్లో పొటాషియం ఉంటుంది, మీ మాత్రల్లో కొన్ని పొటాషియం పెంచేవే.

నడక మొదలయ్యాక మోకాలు నొప్పి పుడుతుంది. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటారు. ఒంట్లో నీరు నిలవడానికి, కిడ్నీ దెబ్బతినడానికి అవి దారి తీస్తాయి. నడకతో బాగుపడాల్సిన మనిషి ఆ మాత్రతో మళ్లీ వార్డుకి వస్తారు. నొప్పి ఉంటే మాకు చెప్పండి, వేడి కాపడం, వేరే వ్యాయామం, గుండెకి ఇబ్బంది లేని మందు ఏదో ఒకటి చూస్తాం. ఎంత నడిచినా శక్తి పెరగకపోతే ఐరన్ పరీక్ష చేయించమని డాక్టరుని అడగండి. హిమోగ్లోబిన్ బాగున్నవాళ్లలో కూడా ఐరన్ తక్కువ ఉండొచ్చు, దాన్ని సరిచేస్తే చాలామందికి నడక మెరుగవుతుంది.

కొండ సంగతి

తిరుపతిలో ఈ జబ్బున్నవాళ్లు ఆఖర్న అడిగేది ఇదే. "మొక్కుంది మేడమ్, నెమ్మదిగా కూర్చుంటూ కూర్చుంటూ ఎక్కితే?" లెక్కతోనే చెప్తాను. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుతుంది. చదునైన దారిలో నెమ్మదిగా నడిస్తే సుమారు 10. మెట్లు నెమ్మదిగా ఎక్కితే 14, కాస్త వేగంగా ఎక్కితే అంతకు రెట్టింపు దాకా. జబ్బు ముదిరిన మనిషి శరీరం మొత్తం శక్తి పెట్టినా తీసుకోగలిగేది 14 దగ్గరే ఆగిపోతుంది. అంటే మీరు నెమ్మది అనుకునేదే మీ గుండెకి ఆఖరి హద్దు. ఆ హద్దు మీద మనిషి కొద్ది నిమిషాలకంటే ఉండలేడు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి దగ్గరే గానీ 2,388 మెట్లూ రెండు కిలోమీటర్లలోనే ఉన్నాయి, అంటే ఇంకా నిటారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ కూడా చెప్తూనే ఉంటుంది. నడకదారి వద్దు. మూడు నెలలు బాగా నడిచినా వద్దు.

బస్సులో వెళ్లండి. పరిస్థితి నిలకడగా ఉంటే, డాక్టరు సరేనంటే ఆ ఎత్తు ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది పెట్టేది క్యూలో గంటల తరబడి నిలబడడం, మాత్ర వేళ తప్పడం. 65 ఏళ్లు దాటినవాళ్లకి టీటీడీ ప్రత్యేక దర్శనం ఇస్తుంది, ముందే బుక్ చేసుకోండి. నీరు పోయే మాత్ర ఏ వేళకి వేసుకోవాలో ఆ ఒక్కరోజుకి డాక్టరుని అడిగి మార్చుకోండి, లేకపోతే క్యూలోంచి మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లే తిప్పలు పడలేక మాత్ర మానేసి వెళ్తారు, రెండోరోజుకి కాళ్లు వాస్తాయి. మొక్కు మీ కొడుకో మనవడో మెట్లెక్కి తీర్చొచ్చు. మీరు అలిపిరిలో పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని బస్సెక్కి, పైన మాడవీధుల్లో మీ నిమిషాల లెక్క ప్రకారం నడవండి. గోవింద నామం ఒక్క గుక్కలో వచ్చే వేగంతోనే.

తర్వాతి చెకప్‌కి నోటుపుస్తకం తీసుకెళ్లండి. పొద్దుటి బరువు, నడిచిన నిమిషాలు, ఎక్కడ ఆగారు, రాత్రి ఎన్ని దిండ్లు: ఈ నాలుగు గడులు నింపి ఉంటే "ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగినప్పుడు "బాగానే ఉంది సార్" అనే మాట బదులు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టండి. మందు పెంచాలా, తగ్గించాలా, ఇంకో పరీక్ష రాయాలా అన్నది ఆయన వాటిని చూసే నిర్ణయించగలుగుతారు.